ఇంకొక్క గిన్నె

వంటల ముత్తక్కకు పొద్దున్నే తిక్క రేగింది. గిన్నెలు తోముతానన్న మనిషి డుమ్మా కొట్టింది. సాయంత్రం బోనకల్‌లో పెళ్ళి వంట. ఈ సామానంతా తోమి ఆటోకెక్కించకపోతే అక్కడ పొయ్యి వెలగదు.

ఖానాపురం హవేలిలో మధ్యాహ్నం వంట ముగించిన ఇంటి పెరట్లో, బోరు పక్కన మసి గిన్నెలు గుట్టపడి ఉన్నాయి. ఎప్పుడొచ్చిందో, ఒకామె పీట వేసుకుని పప్పు గుండిగ తోముతోంది.

"హమ్మయ్య! కూలీల మేస్త్రి పంపిండా?"

ఆమె తల ఊపిందో లేదో తెలియలేదు.

"కొత్త చీరె కట్టుకొని గిన్నెలకాడికి వచ్చినవేందమ్మా? ఏం పేరు?"

"నాగలత."

కొబ్బరి పీచు బూడిదలో అద్దడం, గుండ్రంగా రుద్దడం. మసిలోంచి ముందు ఒక చుక్క మెరిసింది. అది రూపాయి బిళ్ళంత అయింది. పళ్ళెమంత అయింది. నాగలత చూపు దాని మీంచి కదల్లేదు. నీళ్ళు పోస్తే మసి జారిపోయింది. ఎంత హాయిగా ఉందో! ఇన్నాళ్ళూ ఏం తిన్నా రుచి తెలియలేదు, ఎవరేమన్నా చెవికెక్కలేదు. ఈ గిన్నె మాత్రం చేతికి తెలుస్తోంది.

ఇంటి ముందు షామియానా కింద భోజనాల బంతి లేస్తోంది. మైకు లేదు. తిన్నవాళ్ళు చేతులు కడుక్కుని, ఎవరికీ చెప్పకుండా బళ్ళెక్కుతున్నారు.

"అబ్బ, అద్దం తీరుగ చేసినవ్! మావోళ్ళు గిట్ల చస్తే తోమరు. బోనకల్‌కు గూడ రారాదు?"

"వస్తా," అంది నాగలత వెంటనే. "ఇంకున్నయా?"

"గీ గంటె, గీ బేసిను. గంతే. జల్దీ కానిచ్చి ఇంత తిను పో."

అవీ అయిపోయాయి. నాగలతకు భయం వేసింది. ఇప్పుడు లేవాలి. లేస్తే లోపలికి వెళ్ళాలి. గబగబా తోమిన గుండిగనే మళ్ళీ ముందుకు లాక్కుని బూడిద అద్దింది.

"ఓ తల్లీ, అది అయిందిగద!" ముత్తక్క పడీపడీ నవ్వింది.

ముత్తక్కకు ఈ వంట అప్పజెప్పిన బలరాం అప్పుడే వెతుక్కుంటూ పెరట్లోకి వచ్చాడు. పీట మీద ఆమెను చూసి ఆగిపోయాడు.

"వదినా, మన సాయిగాని ఫోటో ముంగట దీపం కొండెక్కుతున్నది, తల్లివి నువ్వే వచ్చి ఇంత నూనె పొయ్యి."