నల్లమచ్చ కంది

"అక్కకు ఒడిబియ్యం పొయ్యుండ్రి, చీర పెట్టుండ్రి. కంది విత్తనం మాత్రం ఒక్క గింజ గూడ ఇయ్య" అన్నాడు రాఘవేందర్, విత్తనాల కుండకు అడ్డంగా నిలబడి.

"నాకు లేక అడుగుతున్ననా తమ్మీ? పుట్టింటి విత్తనం లేకుండ ఈ ఇంట్ల ఎన్నడన్న ఒడి నింపినరా?" అంది జయశ్రీ. అత్తగారి ఊరు అమరచింత బస్సుకు వేళవుతున్నా ఆమె గడప దాటలేదు.

"ఎండు తెగులుకు సావని చెట్లు ఏరి ఏరి, ఏండ్లకేండ్లు కష్టపడి తీసిన రకం. రైతు తీసిన రకం రైతుకే అని చట్టముంది. రిజిస్టరైతె నల్లమచ్చ కంది నాది. నమూనా కోసం సారు వస్తుండు. ఊరంత పంచితె ఇంక నాదెట్లయితది?"

శ్రీవాణికి మొగుడి మాటలకంటే అత్త మౌనమే వింతగా ఉంది. కూతురి చాయ్‌లో చక్కెర తక్కువైతేనే ఇల్లు పీకి పందిరేసే హన్మమ్మ, ఇవాళ మూలన కూర్చుని వక్కలు కత్తిరిస్తోంది. తలే ఎత్తడం లేదు.

బయట మోటారు సైకిలు ఆగింది. వ్యవసాయాఫీసరు లోపలికి రాగానే రాఘవేందర్ కుండ మూతికి మెత్తిన పేడ పగలగొట్టి, పిడికెడు గింజలు తీసి గర్వంగా చెయ్యి చాపాడు.

"మచ్చ ఏదయ్యా?" అన్నాడు ఆఫీసరు.

రాఘవేందర్ మోచేతి దాకా చెయ్యి దూర్చి తీశాడు. మచ్చ లేదు. కుండ బోర్లించాడు. అన్నీ బజారు కందులే.

"అత్తమ్మా?" అంది శ్రీవాణి మెల్లగా.

"కోతలైనంక ఆడోళ్లు ఒక్కొక్కలే వచ్చి విత్తనం అడిగిరి బిడ్డా. లేదంటమా? విత్తనాల కుండ వెలితి ఉండొద్దు గదా, తీసినప్పుడల్ల దుకాణం కందులు పోసి మళ్ల పేడ మెత్తిన."

"కొంప ముంచినవ్ గదనే అమ్మా! మిగిలిన పంటంత అమ్ముకుంటిమి. సారూ, తీస్కపోయినోళ్ల మీద కేసు..."

"రైతుకు రైతు విత్తనం ఇచ్చుకోవద్దని చట్టంలో లేదయ్యా. బ్రాండు వేసి అమ్మకూడదు, అంతే. ముందు అసలు విత్తనం చూపించు. అది లేకుండా రిజిస్ట్రేషన్ ఎక్కడిది?"

రాఘవేందర్ కుండ పక్కనే కూలబడ్డాడు.

జయశ్రీ కొంగు సర్దుకుంది. "పోయినేడు తమ్ముడు ఇంట్ల లేనప్పుడు అమ్మ నా ఒడిల పోసిన గింజలు మా చేన్ల ఏసినం. రెండు సంచులున్నయి. అన్నీ మచ్చవే."

రాఘవేందర్ గబుక్కున లేచాడు. ఆమె అతన్ని చూడలేదు. ఇంట్లో అందరికీ వినబడేలా, గొంతు పెంచకుండా చెప్పింది.

"ఇస్త. ఒడి మాత్రం తమ్ముడే పట్టాలె."