శనివారం రొయ్యలు

"శనివారం నాడు నీసా?" పాలబిందె దించకుండానే అడిగాడు మైసయ్య.

వెనక వాకిట్లో నందు రొయ్యలు వలుస్తున్నాడు. పొద్దున్నే బేగంబజార్ పోయి తెచ్చాడు.

"ఆమెకు ఇయ్యాలనే కుదురుతదంట బాపు."

"ఏ ఆమె?"

"చెప్పిన గదా, స్రవ్య మేడం. ఆఫీసులకు అన్నం డబ్బాలు పంపుతది. నా వంట తిని చూస్తనన్నది. నచ్చితే రోజూ పని."

"నచ్చకపోతే?"

నందు ఇంకో రొయ్య అందుకున్నాడు. పదేళ్ళు ఓడలో వంట చేసి ఇంటికొచ్చి మూడు నెలలైంది. నాలుగు హోటళ్ళు తిరిగాడు. నాలుగూ వద్దన్నాయి. మిగిలింది ఇదొక్కటే.

"కొట్టం పక్కకు వండుకో. నా బిందెల దిక్కు రాకు."

మైసయ్య బిందెలకూ పొయ్యికీ మధ్య స్టూలు వేసుకొని కాపలా కూర్చున్నాడు. వేళ్ళు మెడలోని తులసిమాల మీదికి పోయాయి. కోపమొస్తే ఆయనకది అలవాటు. పండరిపురంలో వేసుకున్న మాల అది. ఇరవై రెండేళ్ళలో స్నానానికి కూడా తీయలేదు. మాల మెడలో ఉండగా నీసు ముట్టకూడదు. కొడుకు ఎన్ని దేశాలవాళ్ళకు వండిపెట్టినా, తండ్రి వాడి వంట ఒక్క ముద్ద తినలేదు.

లోపలి నుంచి పుష్పమ్మ కేకేసింది. "ఒరే నందు, గూట్లె గిలాసల పాలేవిరా?"

"తాగిన అమ్మా."

"అయ్యో, అవి నిన్నటివి! పులిసి కంపు కొడుతున్నయని పారబోద్దామని పెట్టిన. నీకు తెల్వలేదా?"

"ఆకలి మీదున్న. చూస్కోలే."

"పాలోని కొడుకువై ఉండి!" పుష్పమ్మ నవ్వింది.

మైసయ్య నవ్వలేదు. కొడుకు మొహం వంక ఒకసారి చూసి తల దించుకున్నాడు.

నందు గిన్నె మీదికి వంగాడు. ఓడలో జ్వరం వచ్చిపోయినప్పటి నుంచి అతని ముక్కుకు వాసన లేదు, నాలుకకు రుచి లేదు. కాంట్రాక్టు అయిపోయిందని ఇంట్లో చెప్పాడు. అయిపోలేదు. మూడుసార్లు సూపు ఉప్పుకషాయం చేస్తే దింపేశారు. రుచి తెలియని వంటవాడినని ఎవరితో చెప్పుకుంటాడు?

ఈ రోజు అమ్మచేత ఉప్పు చూపిద్దామనుకున్నాడు. శనివారం కావడంతో అదీ పోయింది. ఆమెకు ఒక్కపొద్దు.

పుష్పమ్మ కొబ్బరికాయ పట్టుకొని బయటికొచ్చింది. పొయ్యి దగ్గర ఆగింది. "గా గడ్డి ఎందుకురా కోస్తున్నవ్?"

"నిమ్మగడ్డి. థాయ్‌లాండ్‌ల రేవు కాడ ఒక ముసలామె నేర్పింది. కొబ్బరిపాలు, గీ గడ్డి, పచ్చిమిర్చి, రొయ్యలు. దించినంక నిమ్మకాయ పిండుడు. అంతే."

"గడ్డి మన బర్రెలకెయ్యి, మస్తు తింటయ్. గుడికి పోయి నీకోసమే మొక్కుకొస్త." ఆమె వెళ్ళిపోయింది.

"పాలల్ల నీసా?" మైసయ్య గొణిగాడు. "బొల్లి రాదా?"

"కొబ్బరిపాలు బాపు. అవి తియ్యగుంటయ్. గందుకే ఉప్పు, పులుపు రెండూ సమానంగ నాలుకకు తగలాలె."

"థూ."

కొబ్బరిపాలు పొంగుకొచ్చాయి. నందు చెంచాతో ఉప్పు తీశాడు. అప్పుడే ఫోన్ మోగింది.

"యాకుత్‌పురా స్టేషన్ దగ్గర ఉన్నానండి. గల్లీలన్నీ ఒకేలా ఉన్నాయి, ఎటు రావాలి?" స్రవ్య గొంతు.

"ఆడనే ఉండుండ్రి మేడం, వస్తున్న."

ఫోన్ పెట్టి చూస్తే చెంచా ఖాళీగా ఉంది. ఉప్పు గిన్నెలో వేశాడా, కంగారులో డబ్బాలోకే వంచాడా? గుర్తులేదు. ఇంకో చెంచా వేయడానికి చెయ్యి రాలేదు. గరిటెతో కొంచెం రసం తీసి నోట్లో పోసుకున్నాడు. వెచ్చగా ఉంది. అంతే తెలిసింది.

మైసయ్య అతన్నే చూస్తున్నాడు. "సరిపోయిందా?"

"ఆఁ... సరిపోయింది."

"ఏంది, చెమటలు పడుతున్నయ్?"

"పొయ్యి సెగ. మంట తగ్గించిన. మేడంను తోలుకొస్త, జర గిన్నె చూడు బాపు."

"నీసు గిన్నె నేను చూడాల్నా? సిగ్గుండాలె నీకు!"

నందు చెప్పులేసుకొని పరుగెత్తాడు.

స్రవ్యను వెంటబెట్టుకొని వచ్చేసరికి స్టూలు ఖాళీగా ఉంది. వాకిలి మూలన నల్లా కింద కూర్చొని మైసయ్య చెంబులతో తల మీద నీళ్ళు పోసుకుంటున్నాడు. మధ్యమధ్య నోరు పుక్కిలించి ఉమ్ముతున్నాడు.

"పెద్దాయనకు ఒంట్లో బాగోలేదా?" స్రవ్య అడిగింది.

"నీసు పడదు మేడం. వాసనకే మళ్ళ తానం చేస్తుండు." నందుకు తల కొట్టేసినట్టయింది.

ఆమెకు పీట వేశాడు. అన్నం పెట్టి రొయ్యలు వడ్డించాడు. ఆమె ఒక ముద్ద తిన్నది. ఇంకో ముద్ద తిన్నది. కళ్ళు మూసుకుంది.

"ఉప్పు ఎంత సరిగ్గా పడిందండీ! దానికి తోడు ఆ పులుపు."

"పులుపా?"

"నిమ్మరసం. కొలిచినట్టు పిండారు."

నందు పొయ్యి వైపు చూశాడు. కంగారులో నిమ్మకాయ పిండడమే అతను మరిచిపోయాడు. కానీ గిన్నె పక్కన పిండేసిన చెక్కలు రెండు పడున్నాయి. పోతూ తను మూత పెట్టిన ఉప్పు డబ్బా ఇప్పుడు తెరిచి ఉంది.

"నాకు నచ్చింది," అంది స్రవ్య. "సోమవారం నుంచి రోజుకు ముప్పై డబ్బాలు. ఇంట్లోనే వండండి, మా బండి వస్తుంది. ఒక్కటే షరతు. రోజూ ఇదే రుచి ఉండాలి."

నందు గరిటె కింద పెట్టాడు. అబద్ధంతో ఎన్ని రోజులు నడుస్తుంది?

"మేడం, మీకొక నిజం చెప్పాలె. నాకు..."

"ఉంటది బిడ్డా."

వెనక నుంచి మైసయ్య గొంతు. తడి ధోవతితో, ఒంటి మీద నీళ్ళు కారుతూ నిలబడి ఉన్నాడు.

"రోజూ గిదే రుచి ఉంటది. నాది జిమ్మ, నేను చూస్కుంట."

నందు తలతిప్పి తండ్రిని చూశాడు.

ఆయన మెడలో తులసిమాల లేదు.