నాలుగో తీగ

ఫిడేలు వాయించే ముసలి జుర్కా పోయిన మూడో రోజు పొద్దున్నే ఆయన బండినీ, బట్టలనీ, ఫిడేలునీ డాన్యూబ్ నది గట్టున కాల్చేశారు. పోయినవాడి వస్తువేదీ మిగలకూడదని ఊరూరా తిరిగే ఆ రోమా జాతి బిడారు ఆచారం.

"ఆయనవేమైనా నీ దగ్గర ఉండిపోయాయేమే పిల్లా?" అంది జుర్కా భార్య తింకా. "బతికున్నప్పుడే పీనాసి. సూది దాచుకున్నా ఊరుకోడు."

"ఏమీ లేవవ్వా," అంది ఒవానా.

ఎనిమిదేళ్లుగా వాళ్లతోనే తిరుగుతూ వాళ్ల పాటలు రికార్డు చేస్తోంది ఒవానా. వేసవిలో జుర్కా వాయించిన పాట ఉన్న క్యాసెట్టు ఆమె పెట్టె అడుగున ఉంది. ఆ పాట ఇంకెవరికీ రాదు.

రాత్రి అందరూ పడుకున్నాక, స్వరాలు రాసుకుందామని డేరాలో ఆ క్యాసెట్టు పెట్టింది. పాట వెనక ఏదో చిటపటమంటోంది. టేపు పాతబడిందనుకుంది. అంతలో టప్పున తీగ తెగింది.

వేసవిలో ఏ తీగా తెగలేదు. ఆ చప్పుడు ఆమె పొద్దున మంటలో విన్నది.

జుర్కా ఆగకుండా మిగిలిన మూడు తీగల మీద వాయించాడు. తర్వాత రెండింటి మీద. తర్వాత ఒక్కదాని మీద.

ఒవానా గబుక్కున మీట నొక్కింది. క్యాసెట్టు చక్రాలు ఆగాయి.

ఒక్క తీగ మీద పాట మాత్రం సాగుతూనే ఉంది.