సంతకం చదువు

లెక్కలన్నీ మిషన్లే రాసేసే కాలం వచ్చేసింది. అయినా పైడమ్మ కూతురు నూకరత్నానికి యూనివర్సిటీలో అకౌంట్స్ సీటొచ్చింది. సెలవులకి ఇంటికొచ్చిన పిల్ల మంచం వదిలేసి ఉత్త గచ్చు మీద పడుకుంది, ఉప్పు లేని గంజి అడిగి మరీ తాగింది.

"ఒంట్లో బాగోలేదేటే?" అంది పైడమ్మ.

"ప్రాక్టికల్సమ్మా. లెక్క తప్పయితే మిషన్ని జైల్లో ఎట్టలేరు కదా! అందుకే సంతకానికి మనిషిని ఎడతారు. లోపలెలగుండాలో ముందే నేర్పేస్తన్నారు."

పైడమ్మ కూతురి చెయ్యి పట్టేసుకుంది. "బాగా చూసుకునే సంతకం ఎట్టవే తల్లీ!"

"చూడ్డం సిలబస్‌లో లేదమ్మా."

"అయితే మానెయ్యే ఆ చదువు!"

"మొన్న పరీక్షలోనే నిజమైన కంపెనీ లెక్కలకి నాచేత సంతకం ఎట్టించేసినారమ్మా."

పైడమ్మ పట్టపగలే వెళ్ళి వీధి తలుపు గడియ వేసేసింది.