కుక్కకు తలనొప్పి

కుక్క గోడకు తల ఆనించి నిలబడింది.

పొద్దున్నుంచీ అంతే. కూడు ముట్టలేదు, తోక ఆడించలేదు.

"ఏమైందన్నా దానికి?" అంగడి ముందు మోపెడ్ ఆపి బీడీకట్ట అడిగిన మనిషి, కట్ట తీసుకోకుండానే అడిగినాడు. యాడికి ఊర్లో ఎప్పుడూ చూడని మొగం.

"ఎండ దెబ్బలే" అన్నాడు గోపాలయ్య. ముందర అంగడి, వెనక ఇల్లు ఆయనది.

"ఎండ కాదన్నా. దానికి తల నొస్తాంది."

గోపాలయ్య పగలబడి నవ్వినాడు. "కుక్కకు తలనొప్పా! అయితే కాఫీ పెట్టించమంటావా?"

ఆ మనిషి నవ్వలేదు. "ఇంట్లో ఇంకెవరికన్నా తలనొప్పి ఉండాదా?"

"నాకుండాది. అవ్వకు గూడా" అనింది లోపల్నుంచి నిఖిత. సెలవులకొచ్చిన మనవరాలు.

ఆ మనిషి మొగం పాలిపోయింది. "ఇంట్లో విత్తనం చెనిక్కాయలు పెట్టినారా?"

గోపాలయ్య నవ్వు ఆగిపోయింది. పెట్టినమాట నిజమే. విత్తే వేరుశెనగ, వానపడితే బంగారమే అవి. పోయిన వారం పక్కవీధి గోడౌను పగలగొట్టి దొంగలు మూటలెత్తుకపోయినారు. అందుకే తన మూటలన్నీ నడిమింట్లోకి తెచ్చుకుని, పురుగు పట్టకుండా మాత్రలేసి, పట్ట కప్పి, కిటికీలన్నీ బిగించినాడు. గడప కాడ కుక్కను కాపలా పండుకోబెట్టినాడు.

ఈ సంగతి వీనికెట్ల తెలుసు?

"నీకెందుకప్పా ఆ ఆరా?"

"మాత్రలేసింటే కిటికీలు తెరువన్నా! ఈ రాత్రి ఎవరూ లోపల పండుకోవద్దండి. బయట పండుకోండి."

"మేము బయట పండుకుంటే, నువ్వు లోపల దూరతావా? ఓ బయ్యన్నా, ఇట్ల రా! దొంగనాకొడుకు దొరికినాడు!"

ఎదురింటి బయ్యన్న ఉరుక్కుంటా వచ్చి చొక్కా పట్టుకుని రెండు పీకినాడు. "అన్నా, ఆ మాత్రల గాలి..." అని ఆ మనిషి ఏందో చెప్పబోయినాడు. ఎవరు వింటారు? మోపెడ్ దాకా ఈడ్చి తోసినారు.

"ఇప్పుడు దొంగలు గూడా డాక్టర్లయినారు" అని బయ్యన్న ఒకటే నవ్వు.

తెల్లారుతాంటే కిటికీ భళ్ళుమనింది.

గోపాలయ్య ఉలిక్కిపడి లేచినాడు. తల పగిలిపోతాంది. పగిలిన అద్దం అవతల అదే మొగం!

"లెయ్యండి! రాత్రంతా ఈడనే వింటాండా, కుక్క మూలుగు ఆగిపోయిందన్నా! బయటికి రాండి!"

ఇంకేమీ వినబడలేదు గోపాలయ్యకు. తలుపు గడెకర్ర ఊడబెరికి, తూలుకుంటా బయటికి పోయి, ఒక్కటే ఇచ్చినాడు. తలమీద.

మనిషి కూలిపోయినాడు.

"దొంగ! దొంగ!" అని అరుస్తా వెనక్కి తిరిగినాడు గోపాలయ్య.

గడప కాడ కుక్క కొయ్యబారి పడుండాది. నిఖిత వాంతి చేసుకుంటాంది. అవ్వ లలితమ్మ లేచి నిలబడలేక తలుపు దిక్కు పాకుతాంది.

గోపాలయ్య నిఖితను ఎత్తుకుని బయటికి ఉరికినాడు.

"మాత్రల విషగాలి పెద్దాయనా ఇది!" ఆస్పత్రిలో డాక్టరమ్మ అరిచింది. "చెనిక్కాయలు పోతాయని పిల్లను పెట్టి మూసుకుంటారా? ఆ కిటికీ పగలకపోయింటే ముగ్గురూ పోయేవాళ్ళు. ఎవరో గానీ మీ పాలిటి దేవుడు."

గోపాలయ్య తలుపు తోసుకుని బయటికొచ్చినాడు.

వరండాలో ఆ దేవుని మీద తెల్లగుడ్డ కప్పినారు. పక్కన వాళ్ళమ్మ తిరుపాలమ్మ కూలబడింది. పామిడి నుంచి ఇప్పుడే వచ్చింది. కొట్టిందెవరో ఆమెకింకా ఎవరూ చెప్పలేదు.

"మీ పాప బాగుండాదా సామీ?" గోపాలయ్యను చూసి అడిగింది.

"ఉండాదమ్మా" అన్నాడు.

"మా హనుమంతప్పకు అది చాలులే." కొంగుతో కండ్లు తుడుచుకుంది. "పోయినేడు మా ఇంట్లో గూడా మూటలకు మాత్రలేసినాము. ఆ పొద్దు మా కుక్క గోడకు తల ఆనించింది. దానికి తల నొస్తాందేమో చూడు అని వాని పెండ్లాం చెప్తే, కుక్కకు తలనొప్పా అని పగలబడి నవ్వినాడు సామీ. తెల్లారేసరికి పెండ్లామూ లేదు, బిడ్డా లేదు."