మంచు మీద ఎడం

"ఇంకాస్త తొక్కవయ్యా," అంది బూరుల్.

సాగిన్ తొక్కలేదు. ముందు పోతున్న ఆకుపచ్చ జీపు మైలురాయి దాటగానే పెదాలు కదిలించాడు. "ఒకటి... రెండు... మూడు..." తమ కారు ఆ రాయి దగ్గరికి వచ్చేసరికి ఆరు అయింది.

"మంచు మీద ఆరు లెక్కపెట్టేంత ఎడం ఉండాలి. అంతకంటే దగ్గరికెళ్తే బ్రేకేసినా ఆగదు. ఇన్నేళ్ళు బస్సు తోలినవాణ్ణి, నాకు చెబుతావా?"

"నీ లెక్క తగలెయ్య. ఆ జీపులో ఉన్నది నీ కూతురు."

జిబెక్‌ను బస్టాండులోనే ఎత్తుకుపోయారు. నాన్న రమ్మన్నాడని కాలేజీ నుంచి వచ్చి బస్సు దిగిందో లేదో, నలుగురు కుర్రాళ్ళు చేతులు పట్టి లాక్కెళ్ళారు. పొరుగావిడ పరుగున వచ్చి చెప్పింది. అదృష్టం కొద్దీ కారు నిండా పెట్రోలుంది. సాగిన్ అప్పటికే పండగలకు పెట్టుకునే నక్కతోలు టోపీ పెట్టుకుని ఎక్కడికో బయల్దేరబోతున్నాడు. నారిన్ ఊరికి పోయే రోడ్డెక్కగానే జీపు కనబడింది.

ఎత్తుకుపోయినవాళ్ళ ఇల్లు చేరేలోగా పట్టుకోవాలి. చేరితే అక్కడి ముసలమ్మ పిల్ల తలకు తెల్ల కండువా చుట్టేస్తుంది. చుట్టాక ఇక అంతే, పెళ్ళయిపోయినట్టే. తిరిగొచ్చిన పిల్లను ఊరు బతకనివ్వదు. ఆ కండువా బరువు బూరుల్‌కు తెలుసు. ఒకప్పుడు తనకూ ఇలాగే చుట్టారు. చుట్టించినవాడు పక్కనే స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాడు.

ఫోను తీసి చూసింది. కొండల్లో సిగ్నల్ లేదు.

మలుపులో జీపు వెనకద్దం మీద ఒక అరచెయ్యి కనిపించింది. అద్దాన్ని బాదుతోంది.

"మనల్ని చూసింది. హారనన్నా కొట్టు."

"కొడితే వాడు బెదిరి ఇంకా తొక్కుతాడు. పక్కన లోయ. పిల్ల బతకాలా, వద్దా?"

బూరుల్ కొంగు నోట్లో కుక్కుకున్నట్టు శాలువా అంచు కొరుకుతూ కూర్చుంది.

కనుమ దిగుతుంటే పొగమంచు కమ్మేసింది. జీపు మాయమైంది. ముందు రోడ్డు రెండుగా చీలింది. బూరుల్ అద్దానికి ముఖం ఆనించి రెండు దారులూ వెతికింది. సాగిన్ కారును కుడివైపు తిప్పాడు. కాసేపటికి మళ్ళీ ఎర్రదీపాలు కనబడ్డాయి.

"దేవుడే చూపించాడు," అంటూ ఆమె రెండు అరచేతులతో ముఖం తుడుచుకుంది.

చివరికి ఒక వాకిట్లో జీపు ఆగి ఉంది, తలుపులు బార్లా తెరిచి. కారు ఆగకముందే బూరుల్ దూకింది. మంచులో పడింది, లేచింది, చెప్పులు వదిలేసి లోపలికి పరుగెత్తింది.

తెర వెనక జిబెక్ కూర్చుని ఉంది. తలమీద తెల్ల కండువా.

"వెనకే వస్తున్నారుగా అమ్మా," అంది పిల్ల, ఏడుపు ఇంకిపోయిన గొంతుతో. "ఎందుకింత ఆలస్యం?"

బూరుల్ జవాబు కోసం వెనక్కి తిరిగింది.

గుమ్మంలో ఆ ఇంటి పెద్దాయన సాగిన్‌ను గట్టిగా కావలించుకుని, "అనుకున్నంత ఎడమే ఉంచావు, వియ్యంకుడా," అన్నాడు.