కుర్చీలోంచి చూడాల్సిన బొమ్మ

"ఎవడు గీశాడు దీన్ని?" సెలూన్ గుమ్మంలోనే అరిచాడు ఎలిగియో.

గోడకు నిలువెత్తు చెక్క. దాని మీద రంగుల్లో అతని బొమ్మ. పచ్చ చొక్కా, నడుము దాకా పిలక, విసరబోతున్న బేస్‌బాల్ బంతి. శాన్ పెడ్రోలో ఆ మొహం తెలియని మేక కూడా లేదు. కానీ బంతి కుడిచేతిలో ఉంది. చొక్కా మీద పేరు తిరగబడి ఉంది.

ఎడమచెయ్యే ఎలిగియో పెట్టుబడి. ఆ చేత్తో విసిరిన బంతికి బ్యాటు తగిలించినవాడు ఇంటికెళ్లి విందు చేసుకుంటాడు. అలాంటి సరుకును గోడ మీద తారుమారు చేస్తే ఊరుకుంటాడా?

"పొద్దున్నుంచి ఊరంతా నన్ను చూసి నవ్వుతోంది మామా! ఫైనల్ రోజున నాకిదేం ఖర్మ? నువ్వు తీస్తావా, నన్ను పీకమంటావా?"

సెలూన్ యజమాని తియోఫిలో తాపీగా కత్తెర తుడుచుకున్నాడు.

"తప్పు చోట నిలబడి తప్పంటే ఎలా బాబూ? నా కొట్టుకొచ్చినవాడు గోడను చూస్తాడా, కుర్చీలో కూర్చుని అద్దాన్ని చూస్తాడా? అద్దంలో సరిగ్గా కనబడేలా గీయించాను. కూర్చుని చూడు."

ఎలిగియో రెండు చేతులతో పిలక పట్టుకున్నాడు.

"ఆ ఎత్తులు నా దగ్గర కాదు. ఈ సీజన్ మొదలైనప్పటి నుంచి దీనికి కత్తెర తగల్లేదు, నాకు ఓటమి తగల్లేదు. ఇది పోతే రాత్రికి కప్పూ పోతుంది."

"నాకు తెలియదా? మా ఇంటావిడ రోజూ నీ పిలకకు దండం పెడుతుంది. కూర్చో."

కూర్చున్నాడు. అద్దంలో బంతి ఎడమచేతికి వచ్చేసింది. పేరు చక్కబడింది. ఎలిగియో మొహం విప్పారింది.

"అబ్బ! దవడ కూడా భలే కుదిరింది మామా."

"మరేమనుకున్నావ్! ఇంతకీ రాత్రికి ఆ ఎర్రచొక్కాల బాల్వినోను ఏం చేస్తావ్?"

"మూడు బంతులు చాలు. బ్యాటు భుజాన వేసుకుని ఏడుస్తూ పోతాడు."

"పాపం, కొత్తగా పెళ్లయిందట."

"అయితే పెళ్లాం ఒళ్లో పడి ఏడుస్తాడు!"

తియోఫిలో నవ్వలేదు. "గడ్డం కాస్త ఎత్తు బాబూ. బొమ్మ బూట్లు కూడా కనిపిస్తాయి."

ఎత్తాడు. నిజంగానే బూట్లు కనిపించాయి. కసుక్కుమని చప్పుడైంది. మెడ వెనక చల్లగా గాలి తగిలింది.

"అయ్యయ్యో!" తియోఫిలో నోరు నొక్కుకున్నాడు. "పాడు అలవాటు. కుర్చీలో తల కనబడితే ఈ చెయ్యి ఆగదు!"

ఎలిగియో నేల మీది పిలకను ఏరి జేబులో కుక్కుకున్నాడు. ఒక్క అంగలో గోడ దగ్గరకు వెళ్లి బొమ్మను ఊడబెరికాడు. నేలకేసి కొట్టబోతూ ఆగిపోయాడు.

చెక్కకు వెనకవైపు కూడా బొమ్మ ఉంది. ఎర్రచొక్కాలో బాల్వినో బ్యాటెత్తి నవ్వుతున్నాడు. కింద పెద్ద పెద్ద అక్షరాలు.

"మా అల్లుడు."